అది పరాకు కాదు, అక్కయ్యా!

పోయిన దసరా సెలవులకి అక్కయ్య మా ఇంటికి వచ్చింది. వచ్చిన రెండోరోజు పొద్దున పులుసుకి పోపు వేస్తూ, పోపులడబ్బా ఎడమచేత్తో పట్టుకుని, కుడిచేతి వేలు ఒక గిన్నెమీద పెట్టి ఆగిపోయింది. "ఇవి అయిపోవచ్చాయే... ఇవి... వీటినేమంటారే?" అంది.

ఆమె వేలు మెంతుల మీద ఉంది.

మా అమ్మాయి పకపకా నవ్వింది. "మెంతులు పెద్దమ్మా!" అంది. మావారు హాల్లోంచి "వదినగారికి అప్పుడే చాదస్తం వచ్చేసినట్టుందే" అన్నారు. అక్కయ్యా నవ్వింది, నేనూ నవ్వాను. కాని మూకుట్లో ఆవాలు మాడి పొగ వస్తున్నా ఆమె స్టవ్ తగ్గించకుండా అలాగే నిలబడి ఉండటం చూశాక నాకు నవ్వు రాలేదు.

అక్కయ్య సంగతి మీకు కొంచెం చెప్పాలి. నలభై ఏడేళ్ళు. తెనాలి దగ్గర ఒక ఊళ్ళో టీచరు. మా బంధువుల్లో ఎవరి పెళ్ళికి ఎవరు ఎంత చదివించారో, ఎవరి పిల్లాడు ఏ తిథినాడు పుట్టాడో తెలియాలంటే పాత పుస్తకాలు వెతికే పనిలేదు, అక్కయ్యకి ఫోన్ చేస్తే చాలు. అలాంటి మనిషికి మెంతులన్న మాట నోటికి రాలేదు.

ఆ రాత్రి పిల్లలు పడుకున్నాక, బట్టలు మడతలు పెడుతూ, తలెత్తకుండానే అంది: "అమ్మలాగే అయిపోతున్నానేమోనే."

ఆ మాట మా ఇంట్లో తేలిగ్గా అనగలిగింది కాదు. అమ్మకిప్పుడు 72. గుంటూరులో అన్నయ్య దగ్గర ఉంటుంది. ఆరేళ్ళ కిందట తాళంచెవులు ఎక్కడ పెట్టానో అనడంతో మొదలైంది. తర్వాత అన్నం తిన్నానా లేదా అని అడిగేది. ఇప్పుడు నన్ను చూసి "ఎవరమ్మాయివమ్మా నువ్వు?" అంటుంది, చాలా మర్యాదగా. నేను ఎవరమ్మాయినో ఆవిడకే చెప్పుకోవాల్సి రావడం ఎలా ఉంటుందో, అనుభవించిన వాళ్ళకి వేరే చెప్పక్కర్లేదు.

చలి, బరువు, బద్ధకం

మర్నాడు కూర్చోబెట్టి అడిగితే ఒక్కొక్కటే బయటికి వచ్చాయి. ఏడాదిగా ఇలాగే ఉందట. తన క్లాసు పిల్లల పేర్లే హాజరుపట్టీ చూస్తేగాని నోటికి రావడం లేదట. మధ్యాహ్న భోజనం బియ్యం లెక్క రెండుసార్లు తప్పు రాసి మాట పడిందట. ఒకరోజు పాలు పొయ్యిమీద పెట్టి స్కూలుకి వెళ్ళిపోతే, పక్కింటివాళ్ళు మాడువాసన పసిగట్టి బావగారికి ఫోన్ చేశారట. "ధ్యాస ఎక్కడుంటుంది నీకు?" అన్నది ఆయన మాట. అత్తగారిది ఇంకో మాట: "ఉద్యోగం చేసే ఆడదానికి ఇంటిమీద మనసెక్కడుంటుందిలే."

అక్కయ్య ఒళ్ళు కూడా ఏడాదిగా ఏదో చెబుతూనే ఉంది, ఎవరూ వినలేదు, ఆమెతో సహా. తెనాలి ఎండల్లో ఫ్యాన్ తగ్గించమనేది. తిండి పెరగకుండానే ఏడాదిలో ఎనిమిది కిలోలు పెరిగింది. దువ్వితే జుట్టు చేతికి వచ్చేది. గొంతు బొంగురుపోయింది. పొద్దున లేస్తే కళ్ళకింద ఉబ్బు. మలబద్ధకం. మధ్యాహ్నమైతే చాలు, కుర్చీలోనే కునుకు. వీటికి విడివిడిగా ఒక్కో జవాబు ఉంది మన దగ్గర. గొంతు సంగతి చాక్‌పీసు పొడి, జుట్టు సంగతి బోరునీళ్ళు, బరువు సంగతి వయసు, కునుకు సంగతి బద్ధకం. అన్నీ కలిపి ఒకే జవాబు ఉండొచ్చని ఎవరికీ తోచలేదు.

అక్కడ ఒక డాక్టరుకి చూపించుకుందట కూడా. ఆయన నాడి చూసి, బి.పి. చూసి, "ముట్లు ఆగే వయసు కదమ్మా, ఆడవాళ్ళకి ఇదంతా మామూలే" అని బలానికో మాత్ర, నిద్రకో మాత్ర రాసిచ్చారట. పగలంతా నిద్రపోతున్న మనిషికి నిద్రమాత్ర! ఆ చీటీ చూసి నాకు ఒళ్ళు మండింది. అయినా ఆ డాక్టరొక్కడినే అనుకుని ఏం లాభం? మేమూ నవ్వేసిన వాళ్ళమే కదా.

మావారి స్నేహితుడి భార్య చెప్పిన మీదట ఒక హార్మోన్ల డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళాం. ఆవిడ అక్కయ్య మోకాలి దగ్గరా మడమ దగ్గరా చిన్న సుత్తితో కొట్టి చూసి, కాలు ఎగిరి మళ్ళీ కిందికి రావడం ఎంత నెమ్మదిగా ఉందో నాకు కూడా చూపించింది. రక్తం పరీక్ష రాసింది. రెండోరోజు కాగితం వచ్చింది. టి.ఎస్.హెచ్. అనే అంకె సుమారు 0.4 నుంచి 4 మధ్యలో ఉండాలట, ల్యాబుని బట్టి కొంచెం అటూ ఇటూ. అక్కయ్యకి 64.

అంకె ఎక్కువుంటే గ్రంథి ఎక్కువ పనిచేస్తోందని అనుకున్నాను నేను. ఉల్టా. టి.ఎస్.హెచ్. థైరాయిడ్ చేసే హార్మోను కాదు. మెదడు కింద వేలాడే పిట్యూటరీ గ్రంథి, థైరాయిడ్‌ని "పని చెయ్యి" అని పిలిచే పిలుపు అది. గొంతు దగ్గరి గ్రంథి పలక్కపోతే పిట్యూటరీ ఇంకా గట్టిగా అరుస్తుంది. అక్కయ్య ఒంట్లో పిట్యూటరీ పదహారు రెట్లు గొంతు చించుకుంటోంది, అవతల పలికే నాథుడు లేడు.

గొర్రె గ్రంథి చేసిన మేలు

థైరాయిడ్ అంటే మనకి బరువు, జుట్టు, నెలసరి, ఇవే గుర్తొస్తాయి. మెదడు గుర్తు రాదు. కాని ఒంట్లో ప్రతి కణం ఎంత వేగంగా పనిచెయ్యాలో నిర్ణయించే హార్మోను మెదడుని మాత్రం వదిలేస్తుందా? ఆ హార్మోను తగ్గితే గుండె నెమ్మదిస్తుంది, పేగులు నెమ్మదిస్తాయి, ఆలోచనా నెమ్మదిస్తుంది. మాట వెతుక్కోవడం, విన్నది నిలవకపోవడం, దిగులు, ఉత్సాహం లేకపోవడం, ఇవన్నీ అందులోవే. ఇది కొత్తగా కనిపెట్టిందీ కాదు. ఇంగ్లండులో జార్జ్ ముర్రే అనే డాక్టరు 1891లో, 46 ఏళ్ళ ఒకామెకి గొర్రె థైరాయిడ్ గ్రంథి రసం సూదిద్వారా ఎక్కించాడు. అంతకుముందు ఆమె ఉబ్బిపోయి, మందకొడిగా, మాట తడబడుతూ ఉండేది. ఆ వైద్యంతో తేరుకుని ఇంకో 28 ఏళ్ళు బతికింది. మా అక్కయ్య వయసే ఇంచుమించు! 1949లో రిచర్డ్ ఆషర్ అనే ఇంకో డాక్టరు, థైరాయిడ్ లోపంవల్ల మతి చలించిన పధ్నాలుగు మంది సంగతి రాశాడు. పిచ్చి అనుకున్న వాళ్ళలో చాలామంది థైరాయిడ్ మందుతో బాగుపడ్డారు. ఇది చదివినప్పుడు నాకు మన పల్లెల్లో వేపమండలు తిన్న ఆడవాళ్ళు ఎంతమందో అనిపించింది.

మన తెలుగువాడి సంగతి కూడా ఇక్కడ చెప్పాలి. శ్రీకాకుళంలో పుట్టి, విశాఖపట్నం ఆంధ్ర వైద్య కళాశాలలో చదువుకున్న డాక్టర్ వి. రామలింగస్వామి, తన తోటివాళ్ళతో కలిసి ఇప్పటి హిమాచల్ ప్రదేశ్‌లోని కాంగ్రా లోయలో 1956 నుంచి ఏళ్ళ తరబడి పరిశోధన చేసి, ఉప్పులో అయోడిన్ కలిపితే గొంతువాపులు తగ్గుతాయని చూపించారు. మనం ఇవాళ కొనే ఉప్పు పాకెట్టు వెనక అంత కథ ఉంది. అయితే ఒక్కమాట. ఇప్పుడు పట్నాల్లో కనిపించే థైరాయిడ్ లోపం చాలావరకు అయోడిన్ తక్కువై వచ్చింది కాదు. మన ఒంటి రక్షణవ్యవస్థే దారితప్పి ఆ గ్రంథిమీద పడటంవల్ల వచ్చేది. 1912లో దాన్ని మొదట వర్ణించిన జపాన్ డాక్టరు హషిమోటో పేరే ఆ జబ్బుకి పెట్టారు. కాబట్టి "ఉప్పు ఇంకాస్త వేసుకో అమ్మాయీ" అనే పిన్నిగార్ల సలహా పనికిరాదు, బి.పి. పెరగడానికి తప్ప.

2013లో హైదరాబాదుతో సహా ఎనిమిది నగరాల్లో జరిపిన అధ్యయనంలో పెద్దవాళ్ళలో నూటికి దాదాపు 11 మందికి థైరాయిడ్ లోపం ఉన్నట్టు తేలింది. అందులో ఆడవాళ్ళే ఎక్కువ. పది కుటుంబాలున్న అపార్టుమెంటులో ఎందరో మీరే లెక్కేసుకోండి.

కాఫీకీ మాత్రకీ పడదు

మందు చిన్నదే. రోజుకో మాత్ర. ఖరీదూ పెద్దగా లేదు. కాని ఆరువారాలకి మళ్ళీ పరీక్ష చేయిస్తే అంకె 64 నుంచి 41కే దిగింది. డాక్టరమ్మ కళ్ళజోడు తీసి, "మాత్ర ఎలా వేసుకుంటున్నారు?" అని అడిగింది.

"పొద్దున్నే, కాఫీతో" అంది అక్కయ్య.

అదీ సంగతి. కాఫీ ఆ మాత్రని సరిగా ఒంటపట్టనివ్వదు. దాని మీద ఎనిమిదింటికి టిఫిన్ కాగానే ఎముకలకని కాల్షియం మాత్ర ఒకటి. అదీ అడ్డమే. థైరాయిడ్ మాత్ర లేవగానే పరగడుపున మంచినీళ్ళతో వేసుకోవాలి. అరగంట, వీలైతే గంట, కాఫీ టీలు ముట్టకూడదు. కాల్షియం, ఐరన్ మాత్రలకి నాలుగు గంటల ఎడం ఉండాలి. ఈ నాలుగు మాటలు మొదటిరోజే ఎవరైనా కాగితం మీద రాసిచ్చి ఉంటే ఆరువారాలు కలిసొచ్చేవి. కాఫీ లేనిదే పక్కమీంచి కాలు కింద పెట్టని అక్కయ్యకి ఆ గంట ఒక తపస్సు. ఇప్పుడు దిండు పక్కన చెంబుతో నీళ్ళూ మాత్రా పెట్టుకుని, నాలుగున్నరకి మెలకువ రాగానే వేసుకుని మళ్ళీ పడుకుంటోంది. అయిదున్నరకి కాఫీ. మనవాళ్ళ బుర్ర కాఫీ విషయంలో ఎంత చురుగ్గా పనిచేస్తుందో చూడండి.

సంక్రాంతికి వెళ్ళేసరికి ముఖంలో ఉబ్బు పోయింది. చలి పోయింది. బియ్యం లెక్కలు సరిగ్గానే రాస్తున్నానంది. మాటలు తిరిగొచ్చాయి. అన్నీ ఒక్కసారిగా రాలేదు. ఇప్పటికీ అప్పుడప్పుడు ఒక పేరు కోసం ఆగుతుంది. కాని ఆగినప్పుడు ఆమె మొహంలో ఆ భయం లేదు. బావగారు ఒకసారి నాతో విడిగా, "నేనే తప్పుగా మాట్లాడానమ్మా" అన్నారు. అది నాతో కాదు, అక్కయ్యతో చెప్పాల్సిన మాట. ఆ సంగతి ఆయనకి చెప్పాను కూడా.

ఇది చదివి ఎవరూ పరీక్షా కాగితాలు పట్టుకుని మాత్రలకి పరిగెత్తొద్దు. మా ఎదురింటావిడకి టి.ఎస్.హెచ్. 6 వచ్చింది. తన మతిమరుపంతా దానివల్లేనని ఆవిడ నమ్మకం. అంత స్వల్పంగా పెరిగితే అది మతిమరుపు తెస్తుందన్నదానికి గట్టి ఆధారం లేదనీ, మళ్ళీ పరీక్ష చేసి చూద్దామనీ డాక్టరమ్మ అంది. అవసరానికి మించి మాత్ర పడితే గుండెదడ, ఎముకలు గుల్లబారడం, అదో బాధ.

ఇక అమ్మ సంగతి

అక్కయ్య తేరుకున్నాక నాకు సహజంగానే ఒక ఆశ పుట్టింది. అమ్మదీ థైరాయిడేమో! అన్నయ్యచేత పరీక్ష చేయించాను. అమ్మకి థైరాయిడ్ భేషుగ్గా ఉంది. ఆ కాగితం చూసి ఏడ్చాను. అన్నీ బాగున్నాయని రాసిన కాగితం చూసి ఏడ్చినదాన్ని నేనొక్కదాన్నే అయ్యుంటాను.

అమ్మకి షుగర్. 44 ఏళ్ళకి వచ్చింది. అప్పట్లో షుగరంటే మాకు తెలిసింది కాఫీలో పంచదార మానెయ్యడం. "తీపి మానేశానుగా" అనేది అమ్మ, మూడుపూటలా పళ్ళెం నిండా అన్నం తింటూ. పరీక్ష ఏడాదికోసారి చేయిస్తే గొప్ప. నాన్నగారి బి.పి.కి వేళపట్టున మాత్ర అందించిన మనిషి, తన మాత్ర అయిపోతే మళ్ళీ నెల జీతం దాకా ఆగేది. కళ్ళు పోతాయి, కిడ్నీలు పోతాయి, కాలికి పుండైతే మానదు అని డాక్టర్లు చెప్పారు. మెదడు పేరు ఎవరూ ఎత్తలేదు.

ఎత్తకపోవడానికి కారణం ఉంది. ఇన్సులిన్‌ని 1921లో కెనడాలోని టొరంటోలో బాంటింగ్, బెస్ట్ కనిపెట్టారు. ఆ తర్వాత చాలాకాలం దానికి మెడకింది భాగంతోనే పని అనుకున్నారు. మెదడు తనకి కావలసిన గ్లూకోజ్‌ని చాలావరకు ఇన్సులిన్ సాయం లేకుండానే తీసుకుంటుంది కాబట్టి, ఆ రెండింటికీ సంబంధం లేదనుకున్నారు. 1978లో అమెరికాలో హావ్రాంకోవా, రాత్, బ్రౌన్‌స్టీన్ అనే పరిశోధకులు ఎలుకల మెదడులో ఇన్సులిన్ వచ్చి అతుక్కునే గ్రాహకాలు ఉన్నాయని చూపించారు. తాళంకప్ప ఉందంటే తాళంచెవికి అక్కడ పని ఉన్నట్టే కదా. జ్ఞాపకాలు నిలిపే హిప్పోకాంపస్‌లోనూ, ఆకలిని నడిపే హైపోథాలమస్‌లోనూ అవి ఉన్నాయి. కణానికీ కణానికీ మధ్య అతుకులు బలపడటానికి, అంటే విన్నది గుర్తుండటానికి, ఇన్సులిన్ తోడ్పడుతుందని తర్వాత తర్వాత తెలిసింది.

మన మెదడు బరువు ఒంటి బరువులో నూటికి రెండు వంతులే. తినేది మాత్రం నూటికి ఇరవై వంతులు. ఇంట్లో ఒక్క గదిలో ఏ.సి. వేసి కరెంటు బిల్లు చూసుకున్నట్టు ఉంటుంది లెక్క. అంత శక్తి తాగే అవయవానికి సరఫరా సరిగా జరగాలంటే సన్నటి రక్తనాళాలు శుభ్రంగా ఉండాలి. రక్తంలో షుగర్ ఏళ్ళ తరబడి ఎక్కువుంటే ముందు పాడయ్యేవి అవే. దానికితోడు కండలూ కాలేయమూ ఇన్సులిన్ మాట వినడం మానేసినట్టే, కొందరిలో మెదడూ మొండికేస్తుందని పరిశోధకులు అంటున్నారు. 1999లో హాలండులోని రోటర్‌డామ్‌లో, 55 దాటిన ఆరువేల పైచిలుకు మందిని పరిశీలించినవాళ్ళు, షుగర్ ఉన్నవాళ్ళకి మతిపోయే జబ్బు వచ్చే అవకాశం దాదాపు రెట్టింపని రాశారు. నన్ను కుదిపేసింది ఇంకోటి. లండన్‌లో ప్రభుత్వోద్యోగులను ముప్ఫై ఏళ్ళకి పైగా గమనించిన అధ్యయనం ఒకటి 2021లో వెలువడింది. షుగర్ ఎంత చిన్నవయసులో మొదలైతే, ముసలితనంలో మతిమరుపు ముప్పు అంత ఎక్కువని అది చెప్పింది. డెబ్బైలో మొదలైన షుగర్‌కీ నలభైల్లో మొదలైన షుగర్‌కీ అంత తేడా. అమ్మకి 44.

షుగర్ ఉన్న ప్రతివాళ్ళకీ ఇలా అవుతుందని కాదు సుమా. ఎనభై అయిదేళ్ళకీ షుగర్‌తోనే అష్టోత్తరాలు పొల్లుపోకుండా చదివేవాళ్ళు మనకి తెలుసు. కాని 72లో కనిపించిన జబ్బు 44లోనే పునాది వేసుకుని ఉండొచ్చన్నది, అప్పుడు మాకు ఎవరైనా చెప్పి ఉండాల్సింది.

షుగర్ పెరగడమే కాదు, మరీ పడిపోవడమూ మెదడుకి దెబ్బే. ఒక కార్తీక సోమవారం అమ్మ ఉపవాసం ఉండి, మాత్ర మాత్రం మానకూడదని వేసుకుంది. మధ్యాహ్నానికి ఒళ్ళంతా చెమటలు, పొంతనలేని మాటలు. పక్కింటావిడ పూనకమనుకుని కుంకుమ పెట్టింది. అన్నయ్య మిషను తెచ్చి వేలు గుచ్చి చూస్తే 46. నోట్లో చక్కెరనీళ్ళు పోశాక మనిషయింది. అలా తీవ్రంగా పడిపోవడం మళ్ళీ మళ్ళీ జరిగితే అదీ జ్ఞాపకానికి చేటని డాక్టరమ్మ చెప్పింది. దేవుడి మీద భక్తి ఉంటే ఉపవాసానికి ముందు డాక్టరుతో ఒక్కమాట మాట్లాడి, మాత్ర తగ్గించాలో మానాలో అడిగి తెలుసుకోండి. శివుడేమీ అనుకోడు.

నా సంగతీ వచ్చింది

ఇదంతా వింటూ డాక్టరమ్మ ముందు కూర్చున్న నన్ను చూసి ఆవిడ హఠాత్తుగా, "మీకు కాన్పుల్లో షుగర్ వచ్చిందా?" అని అడిగింది. వచ్చింది. మా అబ్బాయి కడుపులో ఉండగా ఏడో నెలలో వచ్చి, కాన్పు కాగానే పోయింది. "పోయిందిగా" అన్నాను. అచ్చం "తీపి మానేశానుగా" అన్నట్టు. ఆ ధోరణి నా చెవికే కొట్టింది.

గర్భంతో ఉండగా షుగర్ వచ్చిన ఆడవాళ్ళకి ఆ తర్వాత అసలు షుగర్ వచ్చే అవకాశం మిగతావాళ్ళకంటే ఎన్నో రెట్లు ఎక్కువ. కాన్పైన ఆరు నుంచి పన్నెండు వారాల్లో ఓసారి, ఆ తర్వాత ఏడాదికో మూడేళ్ళలోపో ఓసారి పరీక్ష చేయించుకుంటూ ఉండాలి. నాకు కాన్పు చేసిన ఆస్పత్రిలో బిడ్డకి టీకాల కార్డు ఇచ్చారు, నాకేమీ ఇవ్వలేదు. పదకొండేళ్ళు నేను రక్తం చూపించుకోలేదు.

మూడునెలల సగటు చెప్పే పరీక్ష చేయించాను. 5.7 లోపుంటే మంచిది, 6.5 దాటితే షుగర్. నాది 6.1. అంటే గుమ్మం మీద నిలబడి ఉన్నాను. 2023లో వెలువడిన ఐ.సి.ఎం.ఆర్. లెక్క ప్రకారం మనదేశంలో షుగర్ ఉన్నవాళ్ళు 10 కోట్ల పైనే, నాలాగా గుమ్మం మీద ఉన్నవాళ్ళు 13 కోట్ల పైచిలుకు. ఇంత పెద్ద జాతర అని నాకు తెలియదు.

కథలు రాసుకునేదాన్ని. మాటే నా పెట్టుబడి. ఒక వాక్యం మధ్యలో మాట దొరక్కపోతే అంతకుముందు చికాకు పడేదాన్ని, ఇప్పుడు చెయ్యి చల్లబడుతుంది. నాకు మాత్రలేమీ ఇవ్వలేదు. నడవమన్నారు. కండ పనిచేస్తున్నంతసేపు అది ఇన్సులిన్ కోసం ఎదురుచూడకుండానే రక్తంలోని గ్లూకోజ్‌ని లాక్కుంటుందట. అందుకని భోజనం కాగానే పావుగంట నడక. మొదట్లో రాత్రిపూట గిన్నెలు కడగడం మానేసి వీధిలోకి వెళుతుంటే అత్తయ్యగారు వింతగా చూశారు. ఇప్పుడు గిన్నెలు మావారు కడుగుతున్నారు. తిరగలేక కాదు, నా కాగితం మీది 6.1 చూసి ఆయనా చేయించుకున్నారు. ఆయనకి 6.3. కంచంలో ముందు కూర, పప్పు, తర్వాత అన్నం, అదీ సగం. వారం రోజులు నాకే నా వంట మీద కోపం వచ్చింది. తర్వాత అలవాటైంది.

ఇంకో రెండు హార్మోన్ల మాట కూడా వినిపిస్తోంది ఈమధ్య. ఒంట్లోని కొవ్వు తయారుచేసే లెప్టిన్‌ని 1994లో న్యూయార్కులో జెఫ్రీ ఫ్రీడ్‌మన్ బృందం కనిపెట్టింది. "నిల్వలు చాలు, ఇక తినకు" అని మెదడుకి కబురు పంపేది అదే. నడుం చుట్టూ కొవ్వు పెరిగేకొద్దీ కబుర్లు ఎక్కువై మెదడు వాటిని పట్టించుకోవడం మానేస్తుందట. పెద్దగొంతుతో సాధించే మనిషి మాట ఇంట్లో ఎవరూ వినరే, అలాగన్నమాట. దానికీ జ్ఞాపకశక్తికీ సంబంధం వెతుకుతున్నారు. ఇంకా మందు దాకా రాలేదు. కాబట్టి ఆ పేరుతో ఎవరైనా డబ్బా అమ్మితే కొనకండి. ఈస్ట్రోజెన్ సంగతి వేరు. మనదేశంలో చాలామందికి 46, 47కే నెలసరి ఆగుతుంది. ఆ నాలుగైదేళ్ళు నిద్ర చెడి, ఒళ్ళు వేడెక్కి, మాట దొరకనట్టుండటం నిజంగానే ఉంటుంది, చాలామందికి తర్వాత సర్దుకుంటుంది. అలాగని మతి బాగుండాలని హార్మోను మాత్రలు మింగడం సరికాదు. 65 దాటాక ఈస్ట్రోజెన్, ప్రొజెస్టిన్ మాత్రలు మొదలుపెట్టిన ఆడవాళ్ళలో మతిమరుపు జబ్బు పెరిగిందని 2003లో అమెరికాలో పెద్ద పరీక్షలో తేలింది. చిక్కల్లా ఇక్కడే ఉంది. "ముట్లు ఆగే వయసు" అన్న మాట అబద్ధం కాదు. అది నిజమే కాబట్టి దాని వెనక థైరాయిడ్, షుగర్, బి12 లోపం హాయిగా దాక్కుంటాయి. అన్నట్టు, షుగర్‌కి మెట్‌ఫార్మిన్ ఏళ్ళ తరబడి వాడేవాళ్ళకీ, శాకాహారులకీ బి12 తగ్గే అవకాశం ఎక్కువ, అదీ మతిమరుపు తెస్తుంది. అమ్మకి రెండూ వర్తిస్తాయి. పరీక్ష చేయిస్తే నిజంగానే తక్కువుంది. సూదులు వేయించాక కాళ్ళ తిమ్మిర్లు తగ్గాయి, నడక కొంచెం నిలకడగా ఉంది. నా పేరు మాత్రం తిరిగి రాలేదు.

ఫిబ్రవరిలో అక్కయ్య అమ్మని చూడటానికి గుంటూరు వచ్చింది, నేనూ వెళ్ళాను. అమ్మ మామూలుగానే "ఎవరమ్మా మీరిద్దరూ?" అంది. అక్కయ్య జంకకుండా, "నేను పెద్దదాన్ని, పౌర్ణమినాడు పుట్టానని చెప్పేదానివి. ఇది చిన్నది, అట్లతద్దినాడు పుట్టింది, ఆరోజు నువ్వు ఉయ్యాల ఎక్కలేకపోయానని ఏడ్చావట" అంటూ చెప్పుకుపోయింది. అమ్మ శ్రద్ధగా విన్నది. అక్కయ్య ఒక్క పేరుకీ తడుముకోలేదు.

బస్సెక్కుతూ నన్ను అడిగింది, "మూడునెలల పరీక్ష ఎప్పుడే నీకు?" అని. నాకు వెంటనే గుర్తు రాలేదు. "మార్చి పదో తారీకు, సోమవారం" అని తనే చెప్పి, కిటికీలోంచి మళ్ళీ అరిచింది, "పరగడుపున వెళ్ళాలి, ఇంకో పరీక్ష కూడా రాసింది మర్చిపోకు!"